ఫలితం ఎవరిది? ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో పాత్రికేయ విద్య, ఉపాధి: ఒక నైతిక పరిశీలన

ప్రస్తావన

విశ్వవిద్యాలయ శాఖలు ఏటా నింపి పంపే పట్టికలలో ఉద్యోగ నియామకాలకు ఒక పట్టిక ఉంటుంది. చదువు ముగించిన విద్యార్థి పేరు, చేరిన సంస్థ, వేతనం అందులో నమోదు చేయాలి. రుజువుగా నియామక పత్రం నకలు జతచేయాలి. న్యాక్ మూల్యాంకనంలోని ఏడు ప్రమాణాలలో ఐదవది విద్యార్థులకందే తోడ్పాటు, వారి పురోగతికి సంబంధించినది. కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రారంభించిన ఎన్.ఐ.ఆర్.ఎఫ్. ర్యాంకుల పద్ధతిలోని ఐదు కొలమానాలలో ఒకటి పట్టభద్రుల ఫలితాలు. కొన్ని విభాగాలలో ఉద్యోగం పొందినవారి మధ్యస్థ వేతనం కూడా లెక్కకు వస్తుంది. ప్రజాధనంతో నడిచే సంస్థ తన ఫలితాలను ప్రజలకు చూపాలనడంలో తప్పేమీ లేదు.

అయితే పాత్రికేయ విద్యాశాఖ ఈ పట్టిక నింపేటప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. వైద్యవిద్య చదివిన వ్యక్తి ఆసుపత్రిలో చేరితే ఆ వ్యక్తికి ఉద్యోగమూ, సమాజానికి వైద్యుడూ ఒకేసారి లభిస్తారు. విద్యార్థి పొందిన ఫలితమూ సమాజం పొందిన ఫలితమూ అక్కడ దాదాపు ఒకటే. పాత్రికేయ విద్యలో ఈ రెండూ విడిపోవచ్చు. కొన్నిసార్లు ఒకదానికొకటి ఎదురుగా కూడా నిలబడవచ్చు. విద్యార్థికి మంచి జీతం వచ్చినచోట సమాజం ఒక పాత్రికేయుణ్ణి కోల్పోతుంది. సమాజానికి పాత్రికేయుడు దొరికినచోట విద్యార్థికి జీతమే ఉండదు.

ప్రజాధనంతో పాత్రికేయ విద్య నేర్పే విశ్వవిద్యాలయం తన ఫలితాన్ని దేనితో కొలుచుకోవాలి? విద్యార్థికి వచ్చిన ఉద్యోగంతోనా, సమాజానికి దక్కిన పాత్రికేయునితోనా? ఈ రెండూ ఒకటి కానప్పుడు అది ఎవరికి ఋణపడి ఉంటుంది? ఈ ప్రశ్నలను తెలుగు పాత్రికేయరంగ పరిస్థితుల నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వేరే జీవనాధారం ఉన్నవారి వృత్తి

తెలుగు పాత్రికేయతకు పునాది వేసినవారెవరూ పాత్రికేయ విద్య చదివినవారు కారు. 1902లో కృష్ణాపత్రిక ప్రారంభమయ్యేనాటికి భారతదేశంలో ఆ చదువే లేదు. ముట్నూరి కృష్ణారావు, కాశీనాథుని నాగేశ్వరరావు, సురవరం ప్రతాపరెడ్డి జాతీయోద్యమం నుంచీ, సాహిత్యం నుంచీ, సంఘసంస్కరణ నుంచీ పత్రికారంగంలోకి వచ్చారు. వీరి జీవితాల నుంచే పాత్రికేయత ఒక సేవ అన్న భావన మనకు సంక్రమించింది.

ఈ సేవాభావన వెనుక ఉన్న ఆర్థిక వాస్తవాన్ని మనం తరచుగా మరచిపోతాం. కాశీనాథుని 1908లో బొంబాయిలో వారపత్రికగా ప్రారంభించి 1914లో మద్రాసులో దినపత్రికగా మార్చిన ఆంధ్రపత్రికకు అమృతాంజనం వ్యాపారం అండగా నిలిచింది. 1926లో గోలకొండ పత్రికను ప్రారంభించిన సురవరం న్యాయశాస్త్ర పట్టభద్రులు. వీరి త్యాగాన్ని తక్కువచేసి చూడవలసిన పని లేదు. కాని పత్రిక నుంచి జీవనం ఆశించకపోవడం అప్పట్లో సాధ్యపడిందంటే, కొందరికైనా జీవనం వేరొకచోటి నుంచి సమకూరడం అందుకు ఒక కారణం. సేవ అనే మాటను నేటి విద్యార్థికి ఆదర్శంగా చూపేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పాలి.

పాత్రికేయత జీతం మీద ఆధారపడిన వృత్తిగా మారుతున్న కాలంలోనే దానికి విశ్వవిద్యాలయ విద్య కూడా వచ్చింది. 1941లో లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయంలోనూ, 1947లో మద్రాసు విశ్వవిద్యాలయంలోనూ పాత్రికేయ విద్య మొదలైంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1954లో పాత్రికేయ శాఖ ఏర్పడింది. అమెరికన్ ఆచార్యుడు డి ఫారెస్ట్ ఓడెల్ దానికి తొలిరూపమిచ్చారు. ఆయన అంతకుముందే, 1935లో, తమ దేశంలోని పాత్రికేయ విద్యాచరిత్రను గ్రంథంగా రాశారు. ఆ చరిత్రలో మన ప్రశ్నకు సంబంధించిన ఒక ఘట్టం ఉంది. పత్రికాధిపతి జోసెఫ్ పులిట్జర్ కొలంబియా విశ్వవిద్యాలయంలో పాత్రికేయ కళాశాల కోసం ధనమిచ్చి, 1904లో తన ఉద్దేశాన్ని వివరిస్తూ ఒక దీర్ఘవ్యాసం రాశాడు. పత్రికా వ్యాపారపు మెలకువలు నేర్పడం కళాశాల పని కాదనీ, ప్రజాహితానికి కట్టుబడినవారిని తయారుచేయడమే దాని ప్రయోజనమనీ ఆయన వాదన. సంచలన వార్తలతో పత్రికను పెంచుకున్న వ్యాపారి విశ్వవిద్యాలయం నుంచి కోరుకున్నది వ్యాపారం నేర్పలేని విషయాన్ని. 1912లో ఆ కళాశాల ప్రారంభమయ్యేనాటికి ఆయన జీవించిలేడు. విశ్వవిద్యాలయంలో పాత్రికేయ విద్య ఎందుకు అన్న ప్రశ్నకు ఆ వ్యాసం చెప్పిన జవాబును మాత్రం ఎవరూ పూర్తిగా తోసిపుచ్చలేదు, పూర్తిగా ఆచరించనూ లేదు.

తెలుగునేల మీద ఈ విద్యకు గిరాకీని తెచ్చింది పత్రికల విస్తరణ. 1974లో విశాఖపట్నంలో ప్రారంభమైన ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలను తెచ్చింది, తక్కిన పత్రికలూ ఆ బాట పట్టాయి. 1980ల మధ్యలో తాలూకాల స్థానంలో మండలాలు ఏర్పడ్డాయి. జిల్లా అనుబంధపు పుటలు నిండాలంటే ప్రతి మండలంలో ఒక విలేకరి కావాలి. ఆ అవసరం వేలమందిని వార్తారచనలోకి తెచ్చింది. డెస్కుల కోసం పత్రికలు సొంత పాత్రికేయ పాఠశాలలు పెట్టుకున్నాయి. వాటిలో ప్రవేశానికి భాషాపరీక్ష, శిక్షణకాలంలో భృతి, ఆ పైన అదే పత్రికలో ఉద్యోగం అన్న పద్ధతి ఏర్పడింది. ఉద్యోగమే కొలత అయితే ఈ పాఠశాలలతో ప్రభుత్వ విశ్వవిద్యాలయం పోటీపడలేదు. మరి విశ్వవిద్యాలయం ఇవ్వగలిగి, పత్రిక పెట్టుకున్న పాఠశాల ఇవ్వలేనిది ఏమిటన్నది ఇక్కడే ఎదురయ్యే ప్రశ్న.

పట్టికలో కనిపించని పాత్రికేయుడు

ఒక ఊహా ఉదాహరణను తీసుకుందాం. ఒకే తరగతిలో చదివి ఒకే సంవత్సరం పట్టా పొందిన ముగ్గురు విద్యార్థులున్నారు. ఒకామె కార్పొరేట్ ఆసుపత్రి ప్రచార విభాగంలో చేరింది. మరొకరు పోటీపరీక్ష రాసి రెవెన్యూశాఖలో ఉద్యోగం సంపాదించారు. మూడో వ్యక్తి సొంత మండలానికి తిరిగివెళ్లి దినపత్రికకు విలేకరి అయ్యాడు.

శాఖ పట్టికలో మొదటి ఇద్దరి పేర్లు చేరతాయి. వారికి నియామక పత్రాలున్నాయి. ఆసుపత్రి ఇచ్చే వేతనం శాఖ సగటును పెంచుతుంది కూడా. మూడో వ్యక్తి పేరు చేరడం కష్టం. అతనికి నియామక పత్రం లేదు, నెలజీతం లేదు. అచ్చయిన వార్తకు పంక్తుల లెక్కన ముట్టే సొమ్ము, దానినే పత్రికా కార్యాలయాలలో లైన్ అకౌంట్ అంటారు, పత్రికకు తెచ్చిన ప్రకటనల మీద కమీషను, ప్రభుత్వమిచ్చే అక్రిడిటేషన్ కార్డు, ఊళ్లో లభించే గుర్తింపు, ఇవీ అతని రాబడి. అంటే పాత్రికేయ శాఖ నుంచి బయటికివచ్చిన ముగ్గురిలో పాత్రికేయునిగా పనిచేస్తున్న ఒకే ఒక్క వ్యక్తి ఆ శాఖ ఫలితాలలో కనిపించడు. పట్టిక భాషలో అతడు నిరుద్యోగి.

ఉదాహరణను ఇంకొంచెం పొడిగిద్దాం. ఆసుపత్రి అధికంగా బిల్లు వేసిందని ఆ మండలంలోని ఒక కుటుంబం విలేకరి దగ్గరికి వచ్చి మొరపెట్టుకుంది. ఆ వార్త రాకుండా చూడడమో, వస్తే ఖండన రాయడమో అతని సహాధ్యాయిని ఉద్యోగ ధర్మం. రాయడం, రాసిన దానికి ఆధారాలు చూపడం విలేకరి వృత్తిధర్మం. కాని పత్రిక వార్షికోత్సవానికి అదే ఆసుపత్రి నుంచి ప్రకటన తేవలసిన బాధ్యతా అతనిదే. ఆ ప్రకటన మీది కమీషను అతనికి పదుల వార్తలు రాస్తే వచ్చే సొమ్ముకంటె ఎక్కువ. ఇద్దరూ ఒకే ఆచార్యుల దగ్గర వార్తావిలువలు, పత్రికా చట్టాలు, నీతినియమాలు చదువుకున్నారు. ఆ చదువును పాటించడానికి కావలసిన ఆర్థికమైన నిలకడ మాత్రం దానిని పాటించవలసిన వ్యక్తికే లేదు.

విలేకరి దుస్థితికి చట్టంలో కూడా ఒక మూలం ఉంది. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం పాత్రికేయతే ప్రధానవృత్తిగా ఉన్నవారికి వేతన భద్రత కల్పించింది. మజీఠియా వేతన సంఘం సిఫారసులను కేంద్రం 2011లో ప్రకటించగా, 2014లో సర్వోన్నత న్యాయస్థానం వాటిని సమర్థించింది. కాని మండల విలేకరిని వేరే జీవనాధారం ఉన్న వ్యక్తిగా చూపితే ఈ భద్రత అతనికి అందదు. ఆ పాత చట్టాన్ని 2020లో పార్లమెంటు వృత్తి భద్రతా స్మృతిలో కలిపి, టెలివిజన్, డిజిటల్ మాధ్యమాలలో పనిచేసేవారిని కూడా నిర్వచనంలో చేర్చింది. నిర్వచనం విస్తరించినా పంక్తుల లెక్కన పనిచేసే వ్యక్తి ప్రధానవృత్తి ఏది అన్న చిక్కు మిగిలే ఉంది. వేరే జీవనాధారం ఉండడం తొలితరం సంపాదకులలో కొందరికి స్వేచ్ఛనిచ్చింది. నేడు అదే మాట నిరుపేద విలేకరి హక్కును కాదనడానికి సాకుగా మారింది.

రెండు సమాధానాలు, వాటి లోపాలు

ఈ పరిస్థితి ముందు విశ్వవిద్యాలయాలలో రెండు సమాధానాలు వినిపిస్తాయి.

మొదటిది, విశ్వవిద్యాలయం ఉపాధి కల్పనా కార్యాలయం కాదన్న వాదన. విద్య లక్ష్యం జ్ఞానం, వివేకం, ప్రశ్నించే స్వభావం. ఉద్యోగం వస్తే మంచిదే, రాకపోతే అది విద్య వైఫల్యం కాదు. ఈ వాదనలో సత్యం ఉంది. విద్యను వేతనంతో కొలవడం మొదలైతే తెలుగు, సంస్కృతం, తత్త్వశాస్త్రం వంటి శాఖల స్థితి ఏమవుతుందో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కరలేదు. కాని ఈ వాదన ఎవరి నోట వినిపిస్తోందో కూడా చూడాలి. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో పాత్రికేయ విద్యకు వచ్చేవారిలో చాలామంది తమ కుటుంబంలో విశ్వవిద్యాలయం మెట్లెక్కిన మొదటితరంవారు. ఉపకారవేతనం, ఫీజు రీయింబర్సుమెంటు లేకుండా చదవలేనివారు. రెండేళ్లు కూలి మానుకుని, అప్పుచేసి, వయసు ఖర్చుచేసి వచ్చిన వ్యక్తితో జ్ఞానమే ఫలమని చెప్పడం, నెలజీతం అందుకునే ఆచార్యునికి సులభం. వృత్తివిద్య అని పేరుపెట్టి పిలిచి, వృత్తి దొరకనప్పుడు అది ఉదారవిద్య అని మాట మార్చడం న్యాయం కాదు.

రెండవది, విద్యార్థికి ఏదో ఒక ఉద్యోగం రావడమే ప్రధానమన్న వాదన. ప్రజాసంబంధాలు, ప్రకటనల రచన, రాజకీయ నాయకుల సామాజిక మాధ్యమ నిర్వహణ, సంస్థల ప్రచారం, ఏ రంగమైనా సరే, చదువు అన్నం పెట్టిందా లేదా అన్నదే చూడాలంటారు ఈ వాదులు. ఇందులోనూ సత్యం ఉంది. ఆసుపత్రి ప్రచార విభాగంలో చేరిన యువతిది తప్పుపని కాదు. ఆ జీతంతో చెల్లెలి చదువు సాగుతుండవచ్చు, తండ్రి అప్పు తీరుతుండవచ్చు. ఆమెను నిందించే అధికారం ఎవరికీ లేదు. కాని ఆమె ఎంపిక నిర్దోషమైనంత మాత్రాన దానిని శాఖ తన విజయంగా చాటుకోవడం కూడా నిర్దోషమని చెప్పలేం. ప్రజలు డబ్బిచ్చి పాత్రికేయ శాఖను నిలిపింది తమ తరఫున ప్రశ్నించేవారి కోసం. ఆ ప్రశ్నలనుంచి సంస్థలను కాపాడేవారే ఎక్కువగా తయారవుతుంటే, ఆ సంఖ్యను ఫలితమని పిలవడం ప్రజలను పక్కదారి పట్టించడమే.

మొదటి వాదన విద్యార్థి పట్ల ఉన్న బాధ్యతను చూడదు. రెండవది ప్రజల పట్ల ఉన్న బాధ్యతను చూడదు. రెంటిలోనూ విశ్వవిద్యాలయం తన మీద భారం లేకుండా తప్పించుకుంటుంది.

లోపలి ఫలం, వెలుపలి ఫలం

ఈ చిక్కును విడదీయడానికి నీతితత్త్వవేత్త అలస్డేర్ మకిన్‌టైర్ 1981లో ప్రచురించిన ఆఫ్టర్ వర్చ్యూ గ్రంథంలోని ఒక విభజన ఉపకరిస్తుంది. మానవ వృత్తులకు రెండు రకాల ఫలాలుంటాయని ఆయన ప్రతిపాదన. ధనం, హోదా, అధికారం వంటివి వెలుపలి ఫలాలు. వాటిని ఏ మార్గంలోనైనా పొందవచ్చు. లోపలి ఫలాలు ఆ వృత్తిని దాని ప్రమాణాల మేరకు చేసినప్పుడు మాత్రమే లభిస్తాయి. మిఠాయి ఆశచూపి చదరంగం ఆడించిన పిల్లవాడు మిఠాయి కోసం మోసం చేసైనా గెలవాలనుకుంటాడు. ఆటలోని రుచి తెలిసినవాడికి మోసంతో వచ్చే గెలుపు గెలుపే కాదు.

పాత్రికేయతకు లోపలి ఫలం ఏమిటి? నిజమని నిర్ధారించుకున్న విషయాన్ని, తెలుసుకోవలసిన ప్రజలకు, అర్థమయ్యే భాషలో, సకాలంలో చేర్చడం. ఆసుపత్రి బిల్లు వార్తను రెండు పక్షాలనూ విచారించి, పత్రాలు చూసి, నిందలేకుండా రాసిన విలేకరి పొందే సంతృప్తి ఈ లోపలి ఫలానికి చెందినది. జీతం, సర్క్యులేషను, రేటింగులు వెలుపలి ఫలాలు.

మకిన్‌టైర్ ఇంకొక మాట కూడా అన్నారు. ఏ వృత్తీ సంస్థలు లేకుండా నిలవదు. సంస్థలు మాత్రం స్వభావరీత్యా వెలుపలి ఫలాల చుట్టూ తిరుగుతాయి. అందువల్ల సంస్థలు తాము మోస్తున్న వృత్తిని తామే చెరిచే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. 2009 ఎన్నికలలో బయటపడిన చెల్లింపు వార్తల వ్యవహారం దీనికి మన కళ్లముందున్న నిదర్శనం. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో పాత్రికేయ సంఘమే పశ్చిమగోదావరి జిల్లాలో నమూనా పరిశీలన జరిపి ఈ రుగ్మతను బయటపెట్టింది. పరంజయ్ గుహ ఠాకుర్తా, కె. శ్రీనివాసరెడ్డి సభ్యులుగా ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఉపసంఘం 2010లో వివరమైన నివేదిక సమర్పించింది. కౌన్సిల్ ఆ పూర్తి నివేదికను వెంటనే ప్రకటించలేదు. సమాచారహక్కు మార్గంలో ఆదేశం వచ్చాక 2011లో అది వెలుగుచూసింది. వార్తను సరుకుగా అమ్మిన వ్యవస్థను వృత్తిలోపలివారే ప్రశ్నించారన్నది ఈ ఘట్టంలో గమనించదగిన విషయం. ఒక పత్రిక నడిపే పాఠశాలలో ఇటువంటి నివేదికను పాఠ్యాంశంగా బోధించడం తేలిక కాదు. పత్రికనే పరిశోధనాంశంగా చేసుకోగల స్వేచ్ఛ ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి ఉంది. వెనుక లేవనెత్తిన ప్రశ్నకు జవాబు ఇదే. పత్రిక పాఠశాల ఇవ్వలేనిదీ, విశ్వవిద్యాలయం ఇవ్వగలిగినదీ ఈ స్వేచ్ఛ.

కాని మకిన్‌టైర్ హెచ్చరిక విశ్వవిద్యాలయానికీ వర్తిస్తుంది. అది కూడా ఒక సంస్థే. ర్యాంకు, గ్రేడు, నియామకాల శాతం దానికి వెలుపలి ఫలాలు. రేటింగు వార్త విలువకు కొలత కాదని తరగతిలో బోధించే శాఖ, తన విలువకు నియామకాల శాతమే కొలతని పట్టికలో ఒప్పుకుంటోంది. తాను విమర్శించే పత్రికకూ తనకూ మధ్య తేడా అక్కడ చెరిగిపోతుంది.

రెండు ఋణాలు

ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఇద్దరికి ఋణపడి ఉంది. రెండేళ్ల జీవితాన్ని అప్పగించిన విద్యార్థి ఒకరు. పన్నుల రూపంలో దానిని నిలబెడుతున్న ప్రజలు మరొకరు. ఈ రెండు ఋణాలు పరస్పర విరుద్ధమని పైకి అనిపిస్తుంది. లోతుగా చూస్తే అవి చాలాచోట్ల ఒకదానిలో ఒకటి ఇమిడి ఉన్నాయి.

1996లో పాత్రికేయుడు బి.ఎన్. ఉనియాల్ ఢిల్లీలో ఒక్క దళిత పాత్రికేయుని కోసం వెతికి, తన మూడు దశాబ్దాల వృత్తిజీవితంలో అటువంటి వ్యక్తి తనకు తారసపడలేదని గుర్తించి రాశారు. వార్తాగృహంలో ఎవరు కూర్చుంటారన్నదాన్ని బట్టి ఏది వార్త అవుతుందన్నది చాలావరకు నిర్ణయమవుతుంది. సొంత పాఠశాల పెట్టుకున్న పత్రికకు రిజర్వేషన్ల నియమం లేదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి ఉంది. దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల విద్యార్థులు, గ్రామీణ యువతులు ఒక హక్కుగా పాత్రికేయ విద్యలోకి ప్రవేశించగల ద్వారం అదే. ఆ విద్యార్థి పట్టా పుచ్చుకుని, జీతమున్న పాత్రికేయ ఉద్యోగంలో నిలదొక్కుకుంటే రెండు ఋణాలూ ఒక్కసారే తీరతాయి. కుటుంబానికి జీవనం, సమాజానికి అంతవరకు లేని ఒక చూపు లభిస్తాయి. పంక్తుల లెక్క సొమ్ముతో బతకలేక అదే విద్యార్థి వృత్తిని వదిలితే రెండు ఋణాలూ ఒక్కసారే ఎగవేతకు గురవుతాయి. మండల స్థాయిలో మహిళా విలేకరులు నేటికీ అరుదుగా కనిపించడంలోనూ ఇదే కారణం కొంత పనిచేస్తోంది. జీతం, ప్రయాణసౌకర్యం, భద్రత లేని పనిలో ఎవరు నిలబడగలరన్నది ఆదర్శం నిర్ణయించే విషయం కాదు.

దీనినిబట్టి విలేకరి జీతం సమస్య కేవలం కార్మిక సమస్య కాదనీ, పత్రికాయాజమాన్యానికీ విలేకరికీ మధ్య వ్యవహారం మాత్రమే కాదనీ చెప్పాలి. అది పాత్రికేయ విద్యకు నైతికమైన సమస్య. తన విద్యార్థులు ఎటువంటి పరిస్థితులలో పనిచేయబోతున్నారో తెలిసీ శాఖ మౌనంగా ఉంటే, ఆ పరిస్థితులకు అది మనుషులను సరఫరా చేస్తున్నట్లే అవుతుంది.

అయితే పత్రికల వేతనాలను మార్చే శక్తి విశ్వవిద్యాలయానికి లేదు కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. శక్తి లేనిచోట బాధ్యత ఉండదన్నది నీతిశాస్త్రంలో చాలామంది ఒప్పుకునే సూత్రం. కాని ఇక్కడ విశ్వవిద్యాలయం చేతిలో పూర్తిగా ఉన్న పని ఒకటుంది. అది నిజం చెప్పడం. ప్రవేశానికి ముందే విద్యార్థికి ఈ వృత్తి ఆర్థిక స్వరూపాన్ని చెప్పవచ్చు. లైన్ అకౌంట్ అంటే ఏమిటో, చట్టం దృష్టిలో విలేకరి ఎవరో, ఎవరికి ఏ హక్కులున్నాయో పాఠ్యాంశంగా బోధించవచ్చు. గత విద్యార్థులు ఐదేళ్ల తరువాత, పదేళ్ల తరువాత ఎక్కడున్నారో విచారించి ప్రచురించవచ్చు. ఎందరు వార్తారంగంలో ఉన్నారు, అందులో ఎందరికి నెలజీతం ఉంది, ఎందరు పంక్తుల లెక్కన పనిచేస్తున్నారు, ఎందరు వదిలేశారు, ఎందుకు వదిలేశారు, ఈ ప్రశ్నలకు జవాబు వెతకడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. పై అధికారులు అడిగిన పట్టికలో ఆ గడులు లేకపోవచ్చు. శాఖ తానుగా వేరొక పట్టిక వేసుకోవడానికి ఏ నిబంధనా అడ్డురాదు.

నిజానికి ఇది పాత్రికేయ శాఖ తన విద్యార్థులకు నేర్పే పనే. మూలాలను వెతకడం, అధికారిక లెక్కను ప్రశ్నించడం, లెక్కలో చేరనివారిని వెతికి పట్టుకోవడం, తనకు అనుకూలం కాని విషయాన్ని కూడా దాచకుండా రాయడం. ఊరూరా తిరిగి నిజం రాయమని విద్యార్థికి చెప్పే శాఖ తన గురించి నిజం రాయడానికి వెనుకాడితే, ఆ చదువులోని లోపలి ఫలం ఏమిటో విద్యార్థికి ఏ పాఠంతోనూ తెలియజెప్పలేదు. ఇటువంటి నివేదిక వల్ల శాఖ ర్యాంకు తగ్గవచ్చు, ప్రవేశాలూ తగ్గవచ్చు. ఆ నష్టాన్ని భరించడానికి సిద్ధపడడమే ఇక్కడ నైతిక పరీక్ష. ప్రకటన పోతుందని తెలిసీ వార్త రాయమని మనం మండల విలేకరిని కోరుతున్నాం. అతనికంటె ఎంతో భద్రమైన స్థానంలో ఉన్నవారు తమను తాము అంతకంటె తక్కువ కోరుకోరాదు.

తెలుగు శాఖల పాత్ర

ఈ ప్రశ్న తెలుగు శాఖలకు బయటిది కాదు. పత్రికల భాష మొదటినుంచీ తెలుగు శాఖల పరిశోధనాంశంగా ఉంది. తెలుగు విశ్వవిద్యాలయం పత్రికాభాషకు నిఘంటువు తెచ్చింది. బూదరాజు రాధాకృష్ణ వంటి భాషాశాస్త్రవేత్త ఈనాడు పాత్రికేయ పాఠశాలను నడిపి, విలేకరులకూ ఉపసంపాదకులకూ వార్తాభాషను నేర్పారు. అనేక తెలుగు శాఖల స్నాతకోత్తర పాఠ్యప్రణాళికలో పత్రికారచన ఒక పత్రంగా ఉంది. ఉపాధికి దారి చూపుతుందన్న ఆశతోనే దానిని చేర్చాం. కాబట్టి ఆ ఆశ ఎంతవరకు నెరవేరిందన్న విచారణ మన మీద కూడా ఉంది.

అందులో మనం చేయగలిగినది ప్రధానంగా భాషకు సంబంధించినది. సందేహాస్పదమైన విషయాన్ని నిశ్చయంగా చెప్పే వాక్యానికీ, తెలిసినంతవరకే చెప్పే వాక్యానికీ తేడా వ్యాకరణంలో ఉంది. ఆరోపణను నేరంగా మార్చే క్రియ, బాధితులను తగ్గించిచూపే విశేషణం, కర్తను మాయంచేసే కర్మణి ప్రయోగం, వీటిని గుర్తించడం శైలిపాఠమే కాదు, నీతిపాఠం కూడా. ఈ నైపుణ్యం ఉన్న విద్యార్థి డెస్కు పరీక్షలో నెగ్గుతాడు, అది ఉపాధి. అదే నైపుణ్యం పాఠకునికి నిజాన్ని చేరుస్తుంది, అది వృత్తిధర్మం. లోపలి ఫలమూ వెలుపలి ఫలమూ ఒకే శిక్షణ నుంచి లభించే చోటు భాషాబోధన. దానిని పత్రికానువాదపు మూసలకు, శీర్షికల చమత్కారానికి పరిమితం చేస్తే ఆ అవకాశం చేజారుతుంది.

ముగింపు

పాత్రికేయ విద్య ఫలితాన్ని ఉద్యోగాల సంఖ్యతో మాత్రమే కొలిచినప్పుడు, ఆ వృత్తిని నిజంగా చేస్తున్నవారే లెక్కలో లేకుండాపోతారు. ఉద్యోగంతో నిమిత్తం లేదని తోసిపుచ్చినప్పుడు, పేద విద్యార్థి పెట్టిన పెట్టుబడికి జవాబుదారీ లేకుండాపోతుంది. విద్యార్థికీ ప్రజలకూ ఉన్న ఋణాలు రెండింటినీ ఒప్పుకుని, వాటిని తీర్చే శక్తి తనకు ఎంతవరకు ఉందో దాచకుండా చెప్పడమే విశ్వవిద్యాలయం ముందున్న న్యాయమైన మార్గం.

పట్టికలోని ఆ గడి ఏటా తిరిగివస్తుంది. ఆసుపత్రిలో చేరిన విద్యార్థిని పేరు అందులో రాయడం తప్పు కాదు. ఆమె చేస్తున్నది పాత్రికేయత కాదని పక్కన రాయాలి. మండలానికి వెళ్లిన విద్యార్థి పేరు కూడా రాయాలి. నియామక పత్రం జతచేయవలసిన చోట, అది అతనికి ఎవరూ ఇవ్వలేదని రాయాలి. ఆ ఒక్క వాక్యాన్ని మూల్యాంకన సంఘం లెక్కలోకి తీసుకోకపోవచ్చు. పాత్రికేయ శాఖ తన గురించి తాను రాసిన మొదటి నిజమైన వార్త మాత్రం అదే అవుతుంది.